పొగగొట్టాల అల్బిన్ సొంతూరి యాత్ర

ఊరందరికీ అదృష్టం పంచిపెట్టేవాడికి లాటరీ తగలడం మామూలుగా జరగదు. జరిగినా ఇదిగో, ఇలాగే జరుగుతుంది.

అల్బిన్ మెజ్నారిచ్ ప్తుయ్ పట్టణంలో పొగగొట్టాలు శుభ్రం చేసి చేసి రిటైరైన మనిషి. మా వైపు పొగగొట్టాలవాడు ఎదురైతే మంచి శకునం. చూసినవాళ్ళు చూసినట్టే తమ చొక్కా గుండీ పట్టుకుని మనసులో ఏదో ఒకటి కోరుకుంటారు. నల్లబట్టలు, రెండు వరుసల ఇత్తడి గుండీలు, భుజాన నిచ్చెన వేసుకుని అల్బిన్ వీధిలోకి దిగాడంటే బ్యాంకు మేనేజరు దగ్గర్నుంచి చేపలమ్మే ఆవిడ దాకా అందరి చేతులూ గుండెల మీదికి పోయేవి. పరీక్షలు గట్టెక్కాయి, పిల్లలు పుట్టారు, తప్పిపోయిన పిల్లులు ఇల్లు చేరాయి. ఆ గొప్పంతా తనదేనని అల్బిన్ ఎప్పుడూ అనలేదు, కాదని కూడా అనలేదు.

ఆయన భార్య యుస్తినా మాత్రం ఒక్కనాడూ ఆయన్ని చూసి గుండీ పట్టుకున్న పాపాన పోలేదు. "ఆ కోటుకి గుండీలు కుట్టేదాన్ని నేను. వాటి మహిమ నాకు తెలియదా?" అనేది. పెరటి చెట్టు మందుకు పనికిరాదని పెద్దలు ఊరికే అన్నారా.

ఆ ఏడు ల్యుతొమెర్ దగ్గర యుస్తినా పెదనాన్న కూతురి ఊళ్లో అగ్నిమాపక దళంవాళ్ళు తిరనాళ్ళు చేసి లాటరీ తీశారు. మొదటి బహుమతి సగం పంది. రెండోది రంపం మిషను. మూడోది ఒక కవరు. దళం పెద్ద ఆ కవరు చించి, గొంతు సవరించుకుని, మైకులో చదివాడు. "చారిత్రక వైన్ పట్టణంలో దంపతులకు రెండు రాత్రులు. కోట, నది, నేలమాళిగలో పాత వైన్ల రుచి. పట్టణం పేరు ప్తుయ్. టికెట్టు అల్బిన్ మెజ్నారిచ్ గారిది. ఉండేది..." అక్కడ ఆగి, కాగితం ఇంకోసారి చూసుకుని, "ఉండేది ప్తుయ్" అన్నాడు.

జనం బల్లలు గుద్ది నవ్వారు. అల్బిన్ తలవంచుకుని రంపం గెలిచినవాడి కోసం వెతికాడు, మార్చుకుందామని. ఈలోగా యుస్తినా వెళ్ళి కవరు తీసుకుని చేతిసంచిలో పెట్టేసింది.

"వెళ్దాం" అంది.

"ఎక్కడికే? మనింటికా?"

"హోటల్‌కి. మనింటికి మూడు వీధులు. బస్సు కూడా ఎక్కక్కర్లేదు."

"నలుగురూ నవ్విపోతారే."

"నవ్వనీవయ్యా. ఇన్నేళ్ళూ నిన్ను చూసి గుండీలు నలిపారుగా, ఒకసారి నవ్వితే అరిగిపోవులే." అంతటితో ఊరుకోలేదు. "ఒక్క మాట. ఆ రెండు రోజులూ ఎవరు పిలిచినా కదలకూడదు. నేలమాళిగలో నువ్వూ నేనూ గ్లాసులు తాకించేదాకా నా పక్కనుంచి లేవకూడదు. లేచావో, ఇక ఈ జన్మకి నా గ్లాసు నీ గ్లాసుకి తగలదు."

అల్బిన్ నవ్వబోయి మానేశాడు. ఆవిడ ఏ గ్లాసు సంగతి మాట్లాడుతోందో ఆయనకి బాగా తెలుసు.

ముప్పై ఎనిమిదేళ్ళ కిందట వాళ్ళ పెళ్ళి విందులో, తొలి గ్లాసు ఎత్తి దంపతులు ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోవాల్సిన సమయానికి, నది అవతలి ఒడ్డు నుంచి ఒకడు పరుగెత్తుకొచ్చాడు. అక్కడ ఇంకో పెళ్ళి. పెళ్ళికూతురు పొగగొట్టాలవాడితో చేయి కలిపితే గానీ కాపురం నిలవదని వాళ్ళ నాయనమ్మ పట్టుబట్టింది. అల్బిన్ చేతిలో గ్లాసు దింపి, "ఇప్పుడే వచ్చేస్తా" అని తన పెళ్ళికోటుతోనే, అంటే ఆ ఇత్తడి గుండీల నల్లకోటుతోనే, వంతెన దాటి వెళ్ళాడు. పరాయి పెళ్ళికూతురికి అదృష్టం ఇచ్చి, పొగబెట్టిన పంది తొడ ఒకటి చంకన పెట్టుకుని తిరిగొచ్చేసరికి సూపు చల్లారింది. ఆయన గ్లాసు యుస్తినా మేనమామ తాగేశాడు. యుస్తినా తన గ్లాసులోది మళ్ళీ కూజాలో పోసేసింది. ఆ పంది తొడ చలికాలమంతా వచ్చింది. ఆవిడ ఒక్క ముక్క ముట్టలేదు.

అప్పట్నుంచి ఎన్ని పుట్టినరోజులు, ఎన్ని మార్టిన్ పండగలు వచ్చినా యుస్తినా గ్లాసు అందరి గ్లాసులకీ తగిలేది, అల్బిన్ గ్లాసుకి తప్ప. ఎవరైనా అడిగితే ఆయన "దానికి పరధ్యానమెక్కువలే" అనేవాడు. అనగా అనగా ఆ మాట ఆయనే సగం నమ్మాడు.

నవంబరు మొదట్లో ఒక శుక్రవారం సాయంత్రం ఇద్దరూ పెట్టె పట్టుకుని బయల్దేరారు. పెట్టెకి చక్రాలున్నాయి. రాళ్ళు పరిచిన వీధిలో అవి చేసిన చప్పుడుకి కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

"ఏరా అల్బిన్, ఎక్కడికి ప్రయాణం?" అని పైనుంచి మంగలి స్రెచ్కో.

"ప్తుయ్‌కి" అంది యుస్తినా.

"ఓహో. చేరగానే ఫోను చెయ్యండి. దిగులుగా ఉంటుంది."

హోటల్ యజమానురాలు హెడ్విగా నోరు ఎంత మంచిదో అంత పెద్దది. ఇద్దరినీ చూసి నవ్వు బిగబట్టి, వచ్చిన అతిథులందరికీ ఇచ్చినట్టే ఊరి పటం ఒకటి చేతిలో పెట్టింది. "దారి తప్పితే ఈ నంబరుకి ఫోను చెయ్యండి, అల్బిన్ గారూ" అంది. తర్వాత కొత్త ద్రాక్షరసం రెండు గ్లాసుల్లో తెచ్చింది. ఇంకా పులుస్తూ, బురదరంగులో, బుడగలు కక్కుతున్న రసం.

అల్బిన్‌కి ఒక ఆలోచన వచ్చింది. ఎలాగూ ఉన్న బాకీ, వచ్చిన పూటే ఇక్కడే తీర్చేస్తే రెండు రోజులు హాయిగా కాళ్ళు చాపుకోవచ్చు. వెంటనే గ్లాసు ఎత్తి యుస్తినా వైపు చాపాడు.

హెడ్విగా గుమ్మంలోనే ఆగిపోయింది. పక్క బల్ల దగ్గర కార్డులాడుతున్న ఇద్దరు ముసలివాళ్ళు చేతులు ఆపారు.

"ఏమయ్యా" అంది యుస్తినా నిదానంగా, "మార్టిన్ ఇంకా రాలేదు."

అవును. ఇంకో వారానికి వచ్చే మార్టిన్ పండగనాడు రసానికి బాప్తిస్మం జరిగితేనే అది వైన్ అవుతుంది. అప్పటిదాకా అది ఉత్త రసం. దాన్ని తాగొచ్చు, దాంతో గ్లాసులు తాకించకూడదు. ఇక్కడ పుట్టిన పసివాడికి కూడా తెలిసిన సంగతి. కార్డుల ముసలాయన ఒకడు, "పాపం, కొత్తగా వచ్చారు. మన ఆచారాలు తెలియవు" అన్నాడు. అల్బిన్ చెవులు ఎర్రబడ్డాయి. చవగ్గా తేల్చేద్దామనుకున్న బాకీ ఇంకాస్త బరువెక్కింది.

శనివారం ఊరు చూడ్డానికి బయల్దేరారు. అల్బిన్‌కి ప్తుయ్ అంటే కప్పులు, పొగగొట్టాలు, వాటి మీద కాకిగూళ్ళు. ఎవరింట్లో ఏ కట్టె మండుతుందో, ఎవరు దొంగచాటుగా చెత్త కాలుస్తారో పైనుంచే చెప్పగలడు. కింద ఉన్న ఊరిని ఆయన ఎప్పుడూ పట్టించుకోలేదు. కోటలో గైడు కుర్రది వెయ్యేళ్ళ చరిత్ర చెబుతుంటే ఆయన పొయ్యి ముందు నిలబడి, "దీని గొట్టం పైన వంకర. తల పెట్టి మరీ చూశాను" అన్నాడు. యుస్తినా మోచేత్తో పొడిచింది. ఆవిడ పరదాలు చూసింది, పాత వాయిద్యాలు చూసింది, కిటికీలోంచి ద్రావా నదిని చాలాసేపు చూసింది. ఇల్లూ పొయ్యీ తప్ప ఎరగకుండా బతికిన మనిషికి కోట కిటికీ కొత్తే.

దారి పొడుగునా పిలుపులు. రొట్టెల కొట్టు దగ్గర ఒకావిడ గుండీ పట్టుకుని, "అల్బిన్ మావయ్యా, మా పొయ్యి పొగ కక్కుతోంది, ఒక్క నిమిషం చూసిపోవూ" అంది. అల్బిన్ కాళ్ళు వాటంతటవే అటు తిరిగాయి. పక్కన యుస్తినా పటం విప్పి చదువుతున్నట్టు నిలబడింది. తలకిందులుగా పట్టుకుందని అల్బిన్ గమనించాడు.

"నేను ఊళ్లో లేనమ్మా" అన్నాడు రొట్టెలావిడతో. "ప్రయాణంలో ఉన్నాను."

ఆవిడ అయోమయంగా తల ఊపింది.

నది ఒడ్డున బెంచీ మీద కూర్చున్నప్పుడు అల్బిన్ కుడిభుజం అదోలా కదిపాడు. నిచ్చెన లేని భుజం ఎక్కడ పెట్టాలో తోచట్లేదు.

"నొప్పా?"

"కాదు. తేలిగ్గా ఉంది."

"మనం ఇలా పక్కపక్కన నడవడం ఇదే మొదటిసారి, తెలుసా?" అంది యుస్తినా. "నీ పక్కన నడిస్తే నా కోటుకి మసి అంటుకునేది. అందుకని నాలుగడుగులు వెనక నడిచేదాన్ని. ఆదివారం కూడా అదే అలవాటైపోయింది. నువ్వు ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు."

అల్బిన్‌కి సిగ్గేసింది. ఆవిడ చేయి తీసుకుని ఆ ఖాళీ భుజం కింద తగిలించుకున్నాడు. హోటల్‌కి తిరిగి వచ్చేదాకా అలాగే నడిచారు. ఈసారి స్రెచ్కో కిటికీలోంచి చూసి, మెల్లగా రెక్క మూసేశాడు.

సాయంత్రం నేలమాళిగలో పీపాల మధ్య పొడవాటి బల్ల వేశారు. గుమ్మడిగింజల నూనె, రొట్టె, జున్ను పొరలు పెట్టి కాల్చిన వేడివేడి గిబానిత్సా. ఆస్ట్రియా నుంచి ఒక పెద్ద జంట, ల్యుబ్ల్యానా నుంచి కొత్తగా పెళ్ళయిన జంట, మనవాళ్ళిద్దరు. కొత్త పెళ్ళికూతురి పేరు నేజా. ముత్యాల గుండీలున్న తెల్ల జాకెట్టు తొడుక్కుంది. హెడ్విగా షిపోన్ అనే తెల్ల వైన్ పాత సీసా తెరిచి అందరికీ పోసింది. ఇది పోయినేడాది మార్టిన్ దాటిన వైన్. ఇక వంక పెట్టడానికి లేదు.

అల్బిన్ గ్లాసు ఎత్తాడు. యుస్తినా కూడా ఎత్తింది.

"అన్నట్టు చెప్పడం మరిచాను" అంది హెడ్విగా. నోట్లో నువ్వుగింజ నానదు ఆ మనిషికి. "ఈయన ఎవరనుకున్నారు? మా ఊరి పొగగొట్టాల అల్బిన్."

చేతులన్నీ ఒక్కసారి గుండీల మీదికి పోయాయి. ఆస్ట్రియా పెద్దాయన స్వెటరుకి గుండీలు లేవు, కంగారులో భార్య గుండీ పట్టుకున్నాడు. నేజా అయితే ఎంత ఆశగా లాగిందంటే ముత్యం పుటుక్కున ఊడి చేతిలోకి వచ్చింది. ఆ పిల్ల ముఖం తెల్లబోయింది.

"పెళ్ళయి వారం కాలేదు" అంది కళ్ళనీళ్ళతో. "ఇదేం శకునం? బాబాయ్‌గారూ, మీరొక్కసారి ఇలా వచ్చి చేయి కలిపితే దోషం పోతుందేమో."

నేజా బల్లకి ఆ చివర కూర్చుంది. లేచి నాలుగడుగులు వెయ్యాలి, అంతే. అల్బిన్ మోకాళ్ళు సగం లేచాయి. అప్పుడు యుస్తినా ముఖం చూశాడు. మోకాళ్ళు కూర్చున్నాయి.

"లేవనమ్మా" అన్నాడు. "ఈవిడతో నాకు పనుంది. చాలా పాత పని."

తన గొంతులో గర్వం తనకే వినిపించింది. ఇక యుస్తినా కరిగి గ్లాసు ముందుకు చాపడమే మిగిలిందని అనుకున్నాడు. యుస్తినా ఆయన్ని చూసింది, ఏడుస్తున్న పిల్లని చూసింది. గ్లాసు బల్ల మీద పెట్టేసింది. చేతిసంచిలోంచి సూదీ దారం తీసింది.

"పద పిల్లా, పైకి. ఇక్కడ వెలుతురు చాలదు." అల్బిన్ వైపు తిరిగి, "ఇప్పుడే వచ్చేస్తా" అంది.

ఇద్దరూ మెట్లెక్కి వెళ్ళిపోయారు. అల్బిన్ ఎత్తిన గ్లాసు ఎత్తినట్టే ఉండిపోయాడు.

మొదట నవ్వొచ్చింది. తర్వాత చేయి లాగింది. గుండీ కుట్టడానికి ఎంతసేపు పడుతుంది? గిబానిత్సా మీద ఆవిరి తగ్గింది. ఆస్ట్రియా జంట తమ గ్లాసులు తాగేసి రెండోది పోయించుకున్నారు. అందరూ మాట్లాడుకుంటున్నారు, మధ్యమధ్యలో ఆయన వైపు చూసి చటుక్కున చూపు తిప్పుకుంటున్నారు. ఎదురుచూడటమంటే పనేమీ లేకుండా కూర్చోవడమని అల్బిన్ ఇన్నాళ్ళూ అనుకున్నాడు. కాదు. ఇది కొండంత పని. పెళ్ళిబల్ల దగ్గర, బంధువులందరి ముందూ, ఇరవై రెండేళ్ళ పిల్ల పూలకిరీటం పెట్టుకుని ఈ పని ఒంటరిగా చేసింది. ఆ సంగతి ఆయన తలలోకి ఎక్కడానికి ఇన్నేళ్ళు పట్టింది.

కొత్త పెళ్ళికొడుకు మాటల సందడిలో యుస్తినా గ్లాసు మీద చేయి వేశాడు.

"ముట్టుకోకు బాబూ" అన్నాడు అల్బిన్.

"ఆంటీ ఇప్పట్లో వచ్చేలా లేరు. వేడెక్కి పాడవుతుందని..."

"పాడవనీ. అది ఆవిడది."

ఆ మాట కొంచెం గట్టిగానే వచ్చింది. పెళ్ళికొడుకు చటుక్కున చేయి తీసేశాడు.

చివరికి మెట్ల మీద అడుగులు వినిపించాయి. ముందు నేజా, గుండీతో, నవ్వు ముఖంతో. ఆ పిల్ల పెదవుల మూల క్రీము అంటుకుంది. వెనక తాపీగా యుస్తినా.

"కూర్చోవచ్చుగా" అంది, నిలబడి ఉన్న మొగుణ్ణి చూసి. ఆయన ఎప్పుడు లేచి నిలబడ్డాడో ఆయనకే తెలియదు. ఆవిడ కుర్చీ పక్కనుంచి మాత్రం కదల్లేదు.

"ఒక్క గుండీకి ఇంతసేపా?"

"పైన వంటింట్లో కేకు పెట్టారు. తిన్నాం. ఆ పిల్ల పెళ్ళి ఫోటోలు చూపించింది. అన్నీ చూశాను." యుస్తినా సూదిని జాగ్రత్తగా దాని కాగితానికి గుచ్చి సంచిలో పెట్టుకుంది. "గంట పట్టిందా? నీకు అప్పుడు గంటన్నర పట్టింది. నాకు అంత ఓపిక లేకపోయింది."

అల్బిన్ గ్లాసు చాపాడు. యుస్తినా తన గ్లాసు తీసి, అది నిండుగా ఉందో లేదో చూసుకుంది. నిండుగానే ఉంది.

గ్లాసులు తాకేటప్పుడు కళ్ళలోకి చూడాలి, చూపు తిప్పితే ఏడేళ్ళు అరిష్టం. అందుకని అల్బిన్ ఆవిడ కళ్ళ మీంచి చూపు మరల్చలేదు. అయినా యుస్తినా ఎడమచేయి మెల్లగా పైకి వెళ్ళి తన గౌను మెడ దగ్గరి గుండీని గట్టిగా పట్టుకోవడం ఆయనకి తెలుస్తూనే ఉంది. ఏం కోరుకున్నావని అడగలేదు. గ్లాసులు తగిలాయి. ఇద్దరూ తాగారు.

"వెచ్చబడిపోయింది" అన్నాడు అల్బిన్.

"అవును" అంది యుస్తినా. "ఆ రోజు నాదీ ఇలాగే అయింది."