కత్తి పట్టుకున్న రాణి

మా బావ గుండె ఆపరేషన్‌ని డాక్టర్లే వాయిదా వేశారని ఇంట్లో అందరం అనుకున్నాం. వద్దని చెప్పి వచ్చింది ఆయన భార్య, మా చెల్లెలేనట. ఆ మాట ఆమే బ్రాడీపేటలో ఆటో దిగుతూ చెప్పింది. రోడ్డు మీద నిలబడిపోయాను.

ఫోన్‌లో టారో పేకముక్కలు తీసి జరగబోయేది చెప్పే ఒకావిడ ఉందట. ఆపరేషన్ చేయిస్తే ఏమవుతుందని బావ పేరున తీస్తే కత్తుల రాణి వచ్చిందట. అది విధవరాలి ముక్కని చెప్పిందట.

నేను కాలేజీ మెట్లెక్కలేదు. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. ఏదైనా పక్కపక్కన పెట్టి చూస్తేనే నాకు నమ్మకం. ఆ రాత్రి పాత టారో పేకల్లోని అదే రాణి బొమ్మలు ఫోన్‌లో వెతికి, మర్నాడు జిరాక్స్ షాపులో రంగుల్లో తీయించుకుని పెదకాకానిలో వాళ్లింటికి వెళ్లాను.

బావ మంచం మీద నిద్రపోతున్నాడు. చెల్లెలు వసారాలో మిరపకాయలు ఏరుతోంది. ఎర్రవి ఒకవైపు, తెల్లబారిన తాలు మరోవైపు. పక్కనే కూర్చుని బొమ్మలు పరిచాను.

"ఇదిగో, ఇటలీ వాళ్లది, అన్నిట్లోకీ పాతది. బంగారు రంగు వేశారు. ఇది ఫ్రాన్సుది. చెయ్యి పొట్ట మీద పెట్టుకుంది చూడు, నిండు గర్భిణిలా లేదూ? ఇది నీకు ఆవిడ చూపించింది, వందేళ్ల నాటిది. కిరీటం మీద సీతాకోకచిలుకలున్నాయి. ఇందులో విధవరాలు ఎక్కడుందే? ఒక్క కాయ చూసి టిక్కీ బస్తా అంతా తాలంటావా నువ్వు?"

చెల్లెలు చేతులు తుడుచుకుని ఒక్కో బొమ్మా ఎత్తి చూసింది.

"అన్నిట్లో కత్తి ఉందిగా అన్నయ్యా."

బట్టలు చూశాను, కిరీటాలు చూశాను, చేతులు ఎటున్నాయో చూశాను. తేడాలే వెతికాను. మారనిదాన్ని లెక్కలోకే తీసుకోలేదు.

"అయితే మాత్రం? దానికోసం ఆపరేషన్ వద్దని చెప్పొస్తావా?" నా గొంతు లేచింది.

లోపల మంచం కిర్రుమంది. బావ గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"వద్దన్నది డాక్టరు కాదా?"

చెల్లెలి ఒళ్లోంచి కాయలు జారిపోయాయి. ఆయన మెల్లగా వచ్చి, నేలమీది రాణిని తీసుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"కత్తి లేకుండా ఎట్టా కోస్తాడే డాక్టరు, గోళ్లతోనా?"

చెల్లెలు నవ్వలేదు. ఘాటు చేతులతోనే మొహం కప్పుకుంది. కళ్లు మండుతున్నా తియ్యలేదు.

"నాకు చెప్పాల్సింది," అన్నాడు బావ. ఆ గొంతులో ఎగతాళి లేదు. "పోయేది నా ప్రాణమైతే, ముక్క చూసి తేల్చేది నువ్వా?" నా వైపు తిరిగాడు. "బావా, ఆటోని పిలువు. దీని కళ్లు కడిగించి, అట్నుంచటే ఆసుపత్రికి పోదాం."