పక్కింటి అరుగు మీద విప్పాలి

పెడనలో కలంకారీ అద్దకం చేసే వెంకటాద్రికి ఒక చాదస్తం ఉంది. పొరుగూరి ప్రదర్శనకు కట్టిన చెక్క అచ్చుల పెట్టెను బయల్దేరేముందు పక్కింటి కృపావతి అరుగు మీద విప్పి, అందులో ఉన్న అచ్చులతోనే ఒక పాతగుడ్డ మీద చీరంతా వేసి చూస్తాడు. ఒకసారి ఏలూరు వెళ్లాక గాని అంచు అచ్చు ఇంట్లో గూట్లోనే ఉండిపోయిందని తెలియలేదట. అప్పటినుంచి ఈ తంతు. వీధి వీధంతా నవ్వుకుంది. కూతురు రాధాకుమారి అందరికంటే ఎక్కువ నవ్వింది.

రాధాకుమారి ఇంట్లోంచే కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తుంది. అద్దకంవాళ్ల సంఘానికి వెబ్‌సైట్ కావలసివస్తే, విజయవాడ కంపెనీ ఎందుకు, "మా అమ్మాయి చేస్తుందండీ" అని వెంకటాద్రి పూచీ పడ్డాడు. జన్మలో ఆయన ఒకరికి పూచీ పడడం అదే మొదలు.

వెబ్‌సైట్ ప్రోగ్రామునూ, రెండువందల చీర డిజైన్ల బొమ్మలనూ ఆమె కంటైనర్ అనే ఒకే మూటగా కట్టింది. ఏ యంత్రంలో విప్పినా నడవాలి, అదీ దాని గొప్ప. తన ల్యాప్‌టాప్‌లో విప్పి చూసుకుంది. చిలకలు, నెమళ్లు, మామిడిపిందెలు అన్నీ వచ్చాయి. వెబ్‌సైట్ నడిచే సర్వర్‌కు పంపేసింది.

మర్నాడు పొద్దున్నే సంఘం అధ్యక్షుడు నాగభూషణరావు బందరు నుంచి ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, చీరల పేర్లున్నాయి. చీరలే లేవమ్మా. పన్నెండింటికి కొనేవాళ్లు వస్తున్నారు. అప్పటికీ ఇంతే అయితే విజయవాడ వాళ్లకే చెప్పాల్సొస్తుంది."

ఆమె ల్యాప్‌టాప్‌లో మూడుసార్లు చూసింది. మూడుసార్లూ చీరలున్నాయి.

"ఎక్కడ విప్పి చూశావు?" అన్నాడు వెంకటాద్రి.

"ఇక్కడే నాన్నా."

"మనింట్లో చూస్తే ఏం తెలుస్తుందమ్మా? మనింట్లో అన్నీ ఉంటాయిగా."

రాధాకుమారికి తల కొట్టేసినట్టయింది. బొమ్మలు మూటలోకి ఎక్కనేలేదు. విప్పినప్పుడల్లా ప్రోగ్రాము ల్యాప్‌టాప్‌లోని ఫోల్డర్ నుంచే వాటిని తెచ్చుకుంటోంది. ఈసారి బొమ్మలను లోపల పెట్టి కట్టి, కృపావతి ఇంట్లోని పాత కంప్యూటర్‌లో విప్పింది.

"నువ్వూనా?" అంది కృపావతి.

చిలకలు వచ్చాయి. పదకొండున్నరకు సర్వర్‌లోనూ వచ్చాయి. పన్నెండున్నరకు నాగభూషణరావు ఫోన్ చేసి, కొనేవాళ్లు నెమలి అంచు అడుగుతున్నారని చెప్పాడు.

రాధాకుమారి తండ్రి దగ్గరికి వెళ్లింది.

"నవ్వినందుకు తప్పయింది నాన్నా."

"నువ్వు నయం, ఒక్కసారికే నేర్చుకున్నావు," అన్నాడాయన అచ్చు తుడుస్తూ. "ఏలూరుకి అంచు లేకుండా నేను మూడుసార్లు వెళ్లాను."