తిమ్మక్క పగలనివ్వని కుండ

తిమ్మక్క నోరు ఎట్లాంటిదో ఊరందరికీ తెలుసు. పామిడి సంతలో ఆమె బేరానికి దిగితే అవతలివాడు దండం పెట్టి అడిగిన ధరకు ఇచ్చేయాల్సిందే. అంతటి నోటితో కాపురం చేసి కూడా ఏనాడూ గొంతు పెంచనివాడు ఆమె మొగుడు బాలప్ప. ఆయన మాటలన్నీ మొక్కలతోనే.

ఉపాధి పనిలో రోడ్డు పక్కన నాటిన మొక్కలకు నీళ్ళు పోసేది ఆయనే. ఆ పనికి ఆయన పద్ధతి ఆయనకుంది. మొక్క పక్కన మట్టికుండ పాతి, అడుగున బెజ్జం పెట్టి, అందులో గుడ్డ పేలిక దోపి, కుండ నిండా నీళ్ళు పోస్తాడు. పేలిక వెంట నీళ్ళు చెమ్మచెమ్మగా వేరుకు దిగుతాయి. ఎండకు ఒక్క చుక్క పోదు. ఈ సీమలో మొక్కను బతికించాలంటే ఇంతకు మించిన ఉపాయం లేదని ఆయన పట్టు.

"నేను పోతే నా మీద బండ పరచొద్దు మే, ఎండకు కాల్తాది. చెట్టు పెట్టు," అనేవాడు.

"చచ్చినోనికి ఎండేంది, నీడేంది," అని కసిరేది తిమ్మక్క. కసిరిందే గాని, ఆ మాట మనసులో పెట్టుకుంది.

ఒక ఎండాకాలం బాలప్ప చేనిగట్టున గుండె పట్టుకుని కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు. వాళ్ళలో పూడ్చడమే ఆచారం. ఊరి శ్మశానంలో జాలిముండ్ల తుప్పలు తప్ప మనిషికి నీడనిచ్చే చెట్టు ఒక్కటీ లేదు. ఆడవాళ్ళు పొలిమేర దగ్గరే ఆగిపోవాలి. తిమ్మక్క ఆగలేదు. ఎవరెంత చెప్పినా వినకుండా గుంత దాకా వెళ్ళింది.

కొడుకు మల్లికార్జున నీళ్ళకుండ భుజాన పెట్టుకుని తండ్రిని పూడ్చిన చోటు చుట్టూ తిరిగాడు. తిరిగినప్పుడల్లా పెదనాన్న నరసింహప్ప కుండకు ఒక బెజ్జం కొట్టాడు. మూడు చుట్లూ అయ్యాయి. ఇక కుండను వెనక్కి వదిలేసి, అది పగిలిన చప్పుడు విని, తిరిగి చూడకుండా ఇంటికి పోవాలి.

"మల్లికార్జునా, కుండ కింద పెట్టు," అంది తిమ్మక్క.

అందరూ నిలబడిపోయారు. "నీకు మతి ఉండాదా మే?" అన్నాడు నరసింహప్ప. "కుండ పగలకుంటే వానికి ఇంటి మీద ఆశ తెగదు. ఈడనే తిరుగుతాంటాడు."

"తిరగనీ బావా. ఇన్నేండ్లూ నా ఇంట్లోనే తిరిగినాడు, ఇప్పుడు నాకేం భయం?"

మల్లికార్జున తల్లినీ పెదనాన్ననూ మార్చి మార్చి చూసి, చివరికి కుండ దించాడు. తిమ్మక్క రెండు బెజ్జాలను బంకమట్టితో మూసింది. మూడోదానిలో బాలప్ప తువ్వాలు చింపి పేలిక దోపింది. పూడ్చిన చోట తలవైపు కుండను పాతి, పక్కన తను వెంట తెచ్చిన కానుగ మొక్క నాటి, మేకలు కొరక్కుండా చుట్టూ జాలిముండ్లు పేర్చింది.

అప్పటినుంచి పొద్దున్నే బిందెతో శ్మశానానికి వెళ్ళేది. వచ్చేటప్పుడు దారిలో ఏడ్చేది. ఎందుకేడుస్తున్నావని ఎవరైనా అడిగితే మాత్రం వాళ్ళ పని అయిపోయేది.

మొక్క చిగురేసింది. మిగతా ఆడవాళ్ళు చూశారు. ముందు ఒకామె, ఆ తర్వాత ఇంకొకామె, మా వాళ్ళకూ ఒక కుండ పెడదామా అని వచ్చారు. "మీ ఆయప్పకు ఏం ఇష్టముండె?" అని అడిగేది తిమ్మక్క. గొర్రెలు కాసినవాడికి వేప. ఎవరితోనూ పడకుండా బతికినవాడికి రేగు. "ముండ్లుంటే ఉండనీ, పండు తియ్యగుంటాది కదా," అనేది. పడమటి ఎండకు అడ్డంగా పెద్ద చెట్లు, లోపల పొట్టి చెట్లు, నడుమ మనుషులు కూర్చునే జాగా. ఏడ్చేదానికైనా నీడ ఉండాలి కదా అని ఆమె లెక్క.

ఆ ఏడు వాన ఎగ్గొట్టింది. మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది, శనక్కాయ విత్తనం మూటల్లోనే ఉండిపోయింది. ఆకలి కడుపుకు ఎవరో ఒకరి మీద పడి ఏడవకపోతే తోచదు. బాలప్ప కుండ పగలనందుకే వాన ఆగిపోయిందని రచ్చకట్ట మీద ఎవరో అన్నారు. సాయంత్రానికి ఊరంతా అదే మాట. మర్నాడు నరసింహప్ప గడ్డపార పట్టుకుని, వెంట నలుగురిని వేసుకుని శ్మశానానికి వచ్చాడు.

తిమ్మక్క కుండకు అడ్డంగా కూర్చుంది. ఆ ఎండకు కుండ పోతే కానుగ వారం కూడా నిలవదు. మొగుడు నోరు తెరిచి అడిగింది ఆ నీడ ఒక్కటే.

"బావా, మామ పోయినప్పుడు కుండ పగిలిందా?"

"పగిలింది."

"అత్త పోయినప్పుడు?"

"అదీ పగిలింది. అయితే ఏమి?"

"ఆ ఏండ్లు వానలు కుమ్మరించినాయా? ఈ ఊర్లో చావుకుండల్లో పగలకుండా మిగిలింది ఇదొక్కటే. పగిలినవాటికి లెక్కే ల్యాదు. కుండ పగిలితే వానొచ్చేదయితే మనం ఎప్పుడో వరన్నం తింటా ఉండల్ల."

వెంట వచ్చిన వాళ్ళలో ఒకడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. నరసింహప్పకు పుండు మీద కారం చల్లినట్టయింది. "జరుగు మే," అని గడ్డపార ఎత్తాడు.

"జరుగుతా. కానీ ఒక్కదాన్నే పగలగొట్టి పోతే ఊరుకోను. ఈడ పాతిన కుండలన్నీ పగలగొట్టు. ఆ సీతాఫలం కిందిది మొదలుపెట్టు."

"అదెవరిది?"

"మీ అమ్మది."

గడ్డపార కిందికి దిగింది. "ఎవరు పెట్టినారు?"

తిమ్మక్క ఆ ఒక్కసారికి నోరు మూసుకుంది. జవాబు వెనకనుంచి వచ్చింది. నరసింహప్ప పెళ్ళాం లక్ష్మీనరసమ్మ చంకలో బిందెతో నిలబడి ఉంది.

"నేనే పెట్టినా."

"నాకు చెప్పకుండానా?"

"చెప్తే గడ్డపార తెస్తావని చెప్పలే. మీ అమ్మ నన్ను ఏనాడూ మంచిగా చూడలే. అయినా పండ్లూడినంక సీతాఫలం ఒక్కటే తినె. గింజలు తీసి నోట్లో పెట్టింది నేనే. పక్కకు జరుగప్పా, నీళ్ళు పొయ్యల్ల."

నరసింహప్ప పక్కకు జరిగి ఆమెకు దారిచ్చాడు. గడ్డపార అక్కడే వదిలేసి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళిపోయాడు. నలుగురూ ఆయన వెనకే నడిచారు.

ఆ ఏడు వాన రాలేదు. శనక్కాయ విత్తనం వేయించుకుని తిన్నారు. కుండ మాట మాత్రం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

నరసింహప్ప గడ్డపార కోసం రాలేదు. దానితోనే తిమ్మక్క బాలప్ప పక్కన ఇంకో గుంత తవ్వి, ఇంకో కుండ పాతి, ఇంకో కానుగ నాటింది. మల్లికార్జున చూసి, "ఇది ఎవరికమ్మా?" అన్నాడు.

"నాకే. మీ నాయన మాదిరి నేను ఎండలో పండుకోను, పోయేనాటికే నాకు నీడ ఉండల్ల. పగలగొట్టేదానికి నీ భుజం మీద కుండ కూడా ఉండదు, చూసుకో," అని బిందె వాడి చేతికిచ్చింది.