దౌత్యవేత్త ఇంట్లో నేను మెచ్చుకున్న వస్తువులు

నవంబరు పద్నాలుగు, గురువారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. ఒక పెద్దమనిషి జీవితకాలపు గౌరవాన్ని ఆయన తలమీద నుంచి ఊడదీసే మహత్కార్యానికి నేను శ్రీకారం చుట్టిన సమయం అది. డైరీలో ఆ పేజీ ఇప్పటికీ భద్రంగా ఉంది. చదివినప్పుడల్లా చెవులు వేడెక్కుతాయి కనుక దానిని చలికాలంలో మాత్రమే తెరుస్తాను.

అప్పటికి నాకు ముప్పై మూడేళ్లు. రియాద్‌లోని ఒక అనువాదాల కార్యాలయంలో ఉర్దూ, ఇంగ్లీషు టైపిస్టును. లోకంలోని మర్యాదలన్నీ నాకే తెలుసునని నా గట్టి నమ్మకం. జమాల్ సాహెబ్ అనే ఆఫ్ఘన్ దౌత్యవేత్త ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగం ముగించుకుని, శాశ్వతంగా సౌదీ వదిలి వెళ్తున్నారు. ఆ సాయంత్రం ఏడింటికి మా కార్యాలయం ఇస్తున్న వీడ్కోలు సభ. ఆయన జీవిత విశేషాలు అడిగి తెలుసుకుని, రెండు పేజీలు రాసి, సభలో చదివే బాధ్యత నాది.

మా కడపలో పెద్దల చేత మాట్లాడించడానికి నేను నేర్చిన విద్య ఒక్కటే: వాళ్ల ఇంట్లో కంటికి కనబడినదాన్నల్లా పొగడడం.

"సాహెబ్, తివాచీ ఎంత అద్భుతంగా ఉంది!" అన్నాను, కూర్చోకముందే.

ఆయన గుండెమీద చెయ్యి వేసుకున్నారు. "మీదే అనుకోండి."

ఎంత సంస్కారం అనుకున్నాను. తివాచీ వెంట తాష్కెంట్ కథ వచ్చింది: వీసాలమీద ముద్రలు వేసే గుమాస్తాగా చేరడం, మంచులో కూరుకుపోయిన రాయబారి కారును తోయడం. టీ కాచే ఇత్తడి సమోవర్‌ను పొగిడాను, అంకారా వచ్చింది. అక్కడ అలిగి కూర్చున్న ఇద్దరు అధికారులకు ఈయన ఆ సమోవర్‌లోంచి టీ పోస్తూనే ఉన్నారట. తొమ్మిదో గ్లాసుకు ఇద్దరూ ఒకేసారి మరుగుదొడ్డివైపు పరుగెత్తి, ఆ తలుపు ముందే రాజీపడ్డారట. గోడగడియారాన్ని పొగిడాను, జెడ్డా వచ్చింది. ప్రతిసారీ "మీదే" అంటున్నారు. వాళ్ల వంటాయన ఒక్కో వస్తువునూ బయటికి మోసుకుపోతున్నాడు. దుమ్ము దులపడానికి కాబోలనుకున్నాను. చూశారా నా తెలివి!

చివరికి నా చూపు ఆయన తలమీది గొర్రెపిల్ల ఉన్ని టోపీమీద పడింది.

"ఈ టోపీలో మీరు సుల్తాన్‌లా ఉన్నారు సాహెబ్!"

ఆయన టోపీ అంచు సవరించుకున్నారు. "ఉద్యోగంలో చేరిన రోజు మా రాయబారి తన చేత్తో పెట్టారు," అన్నారు మెల్లగా. "రాజుల ముందు నిలబడ్డా ఇదే. ఈ సాయంత్రం చివరిసారి పెట్టుకుందామని..." టోపీ తీసి నా చేతిలో పెట్టారు. "మీదే."

చూడమని ఇచ్చారనుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, బల్లమీద పెట్టి, సలాం చెప్పి, చెప్పులు వెతుక్కుని బయటికి వచ్చాను. సమయం నాలుగు గంటల ఐదు నిమిషాలు.

కారు దగ్గర మా కార్యాలయం డ్రైవరు, జగిత్యాల మల్లేశం నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏంది బాషా భాయ్? రాసుకుంటందుకు పోయినవా, ఇల్లు ఖాళీ చేపియ్య పోయినవా?"

డిక్కీలో తివాచీ, గడియారం. వెనక సీట్లో బెల్టు పెట్టుకుని సమోవర్. ముందు సీట్లో, నాకంటే ముందే వచ్చి కూర్చున్న టోపీ.

"నేనేమీ అడగలేదప్పా! బాగుందంటిని, అంతే!"

"అగో! ఆళ్ల ఇండ్లల్ల బాగుందన్నవంటే ఇచ్చుడే. ఇయ్యకుంటే ఇజ్జత్ పోతది. పదేండ్ల సంది పోతున్న, చాయ్ తప్ప నేను దేన్నీ మెచ్చుకోలే."

"అయితే తిరిగిచ్చేద్దాం పా!"

"ఇస్తే మొఖంమీద కొట్టినట్టే. ఇగ పెద్దమనిషి ఉత్త నెత్తితోని సభకొస్తడు. అంతా నీ పున్నెమే." డిక్కీ మూత దించాడు. "ఒక పని చెయ్. నువ్వే పెట్టుకొని పో. ఆయన బాగుందంటడు. గప్పుడు ఇచ్చెయ్."

ఏడింటికి సభాద్వారం దగ్గర నిలబడ్డాను. టోపీ కనుబొమలదాకా దిగి, చెంబుమీద డేగిసా మూత బోర్లించినట్టుంది. జమాల్ సాహెబ్ బోడితలతో వచ్చారు. ఆయన చెయ్యి పదేపదే తలమీదికి వెళ్లి, అక్కడ ఏమీ దొరక్క వెనక్కి వస్తోంది.

"సాహెబ్, నాలో ఏమైనా కొత్తగా కనబడుతోందా?"

"ఆరోగ్యంగా ఉన్నారు."

"కొంచెం పైన చూడండి. తల..."

"తలనొప్పా?"

"టోపీ గురించి ఒక్క మాట సాహెబ్!"

"మియా, ఎదుటివారి వస్తువులమీద అభిప్రాయం చెప్పకూడదు. మా ఉద్యోగంలో అదే మొదటి పాఠం."

ముప్పై ఒక్క ఏళ్ల అనుభవం ముందు మల్లేశం పన్నాగం అలా కుప్పకూలింది. చెమటలు కక్కుతూ వేదికెక్కి రెండు పేజీలూ చదివాను. ఆఖరి వాక్యం తరవాత, కాగితంలో లేని మాట ఒకటి నోటికి వచ్చింది: "వెళ్తున్న అతిథికి నా తరఫున ఒక చిన్న కానుక." టోపీ తీసి, ఆయన తలమీద పెట్టాను.

ఆయన రెండు చేతులతో టోపీని తడిమి చూసుకున్నారు.

"ఆహా! ఇంత చక్కని టోపీ నా జీవితంలో చూడలేదు!" అంటూ పకపకా నవ్వి, తడిసిన కళ్లతో నన్ను పక్కటెముకలు కలిసిపోయేలా కౌగిలించుకున్నారు.

నాకు ధైర్యం వచ్చింది. "తివాచీ, సమోవర్, గడియారం కూడా కారులోనే ఉన్నాయి సాహెబ్! అవి కూడా నా కానుకగా..."

ఆయన గబుక్కున నా నోరు మూశారు. "మెల్లగా! విమానంలో ముప్పై కిలోల సామానే తీసుకెళ్లనిస్తారు. వారం రోజులుగా ఒక్కొక్కరినీ టీకి పిలుస్తున్నాను, ఒక్కడూ దేన్నీ మెచ్చుకోడే! అల్లా పంపినట్టు మీరు వచ్చారు. మీ పొగడ్త టోపీదాకా ఎక్కుతుందని మాత్రం ఊహించలేదు."

మర్నాడు ఉదయం ఆరింటికి, పూర్తి స్పృహతో, సంతకం చేసి ప్రతిజ్ఞ రాసుకున్నాను: ఇకమీదట ఎవరింటికి వెళ్లినా గాలినీ వెలుతురునూ తప్ప దేనినీ మెచ్చుకోను, గాలి ఏసీదైతే దానినీ మెచ్చుకోను.

పోయినవి: మర్యాద తెలిసినవాడినన్న నమ్మకం, మల్లేశం దగ్గర పరువు.

మిగిలినవి: తివాచీ ఒకటి, సమోవర్ ఒకటి, గోడగడియారం ఒకటి.

టోపీ: ఆయన తలమీద.