అమ్మ మూరకు సరిచేసిన కట్టె

మా అమ్మకు చూపు పోయి ఆరేళ్లయింది. అందులో మొదటి ఐదేళ్లు నా భార్య ఆమెను రోజూ సాయంత్రం చెయ్యి పట్టుకొని, మా సందులోనే ఏడిండ్ల అవతల ఉన్న స్నేహితురాలి ఇంటికి తీసుకుపోయేది. మా ఎల్లారెడ్డిలో ఆ ఇద్దరూ పక్కపక్కన కూర్చొని ముప్ఫై ఏళ్లు బీడీలు చుట్టారు. స్నేహితురాలు ఇంకా చుడుతోంది. అమ్మ ఆమె పక్కన కూర్చొని మాట్లాడి వచ్చేది. నా భార్య చనిపోయాక అది ఆగిపోయింది. నేను తీసుకుపోతానంటే ఒప్పుకోలేదు.

"ఆడోళ్ల ముచ్చట్లకు కొడుకు చెయ్యి పట్టుకొని పోతరా? నువ్వు గడపల నిలబడితె మేమేం మాట్లాడుకుంటం?" అన్నది.

ఒకరోజు నాకు చెప్పకుండా కట్టె పట్టుకొని బయలుదేరింది. మా సందులో బండ్లు ఎక్కడ పడితే అక్కడ నిలుపుతారు. కట్టె కొన ఒక మోటారు సైకిల్ కిందికి పోయింది, హ్యాండిల్ ఆమె పక్కటెముకలకు తగిలింది. దెబ్బ వారంలో తగ్గింది. కానీ ఆ తరువాత ఆమె గది నుంచి వాకిలి దాకా రావడానికి కూడా నన్ను పిలవసాగింది. నాకు భయం వేసింది దానికే. ఇంట్లో ఒక మనిషి అప్పటికే లేదు. రెండో మనిషి మంచానికి పరిమితమవుతోంది.

కామారెడ్డిలో ఒక కాలేజీ ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూసే మేడమ్, చూపు లేనివాళ్ల కట్టెకు సెన్సర్ బిగించి ఇస్తుందని ఎవరో చెబితే వెళ్లాను. నేను బడిలో తెలుగు చెప్పేవాణ్ణి. నాకు అర్థమయ్యేలా ఆమె రెండు వాక్యాల్లో చెప్పింది. కట్టె మీది చిన్న పెట్టె కంటికి కనిపించని వెలుతురును పంపిస్తుంది, అది ఎదుటి వస్తువుకు తగిలి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం లెక్క కడుతుంది. వస్తువు దగ్గరైతే కట్టె పిడి వణుకుతుంది. పెట్టె అప్పటికే బిగించి ఉంది.

"అయితే తీసుకుపోతాను మేడమ్" అన్నాను.

"ఇప్పుడే ఇస్తె అది అవ్వకు అబద్ధం చెప్తది సార్. కూసోండి."

కూర్చొని చూశాను. ఆమె పొడుగాటి బల్ల మీద స్టీలు టేపు పరిచింది. ఒక చివర పెట్టెను కదలకుండా బిగించి, కంప్యూటరుకు వైరు కలిపి, ఎదురుగా బూడిద రంగు అట్ట నిలబెట్టి, కిటికీలు మూసింది. టేపు యాభై సెంటీమీటర్లు అన్నచోట పెట్టె యాభై మూడు అన్నది. ఆ ఒక్క అంకెను ఆమె నమ్మలేదు. అట్టను కదపకుండా వందసార్లు చదివించి సగటు తీసింది. అట్టను డెబ్బైకి జరిపింది, పెట్టె డెబ్బై మూడు అన్నది. నూరుకు జరిపింది, నూట మూడు. తప్పు బయటపడుతున్నకొద్దీ ఆమె సంతోషించడం నాకు వింతగా తోచింది.

"ప్రతిసారి గంతే తప్పు చెప్తది చూడుండ్రి. ఒక్క తీరు తప్పైతే తీసెయ్యొచ్చు. పూటకో తీరు చెప్పేదాన్ని ఏం చెయ్యలేం."

మూడు తీసేసి మళ్లీ మొదటి నుంచి కొలిచింది. బూడిద అట్ట తరువాత తెల్ల కాగితం, తరువాత నల్ల హెల్మెట్. నల్లటి వస్తువు వెలుతురును తక్కువగా తిప్పి పంపుతుందట. మా సందులో నల్ల బండ్లే ఎక్కువని చెప్పాను. మెట్లు దిగి తన నల్ల స్కూటీ ముందు పెట్టి చూసింది. ఎండలో పెట్టె తడబడింది.

"అవ్వ ఎన్నింటికి పోతది?"

"ఐదున్నరకు."

"అయితే మీరు ఐదున్నర దాక ఉండాలె" అన్నది. ఆ వేళకు మళ్లీ కిందికి దిగి, ఆ వెలుతురులోనే కొలిచి, అప్పుడు ఇచ్చింది.

నా భార్య పోయినప్పుడు ఆమె గురించి చాలామంది మంచి మాటలు చెప్పారు. ఎవరి గురించైనా చెప్పగల మాటలు. నేను చదివిన పుస్తకాల నుంచి నాకూ అలాంటివే గుర్తొచ్చాయి, అందుకని ఏమీ మాట్లాడలేదు. ఈ మేడమ్ "సుమారు" అన్నప్పుడల్లా, వెంటనే, అటూ ఇటూ ఎంత తేడా ఉండొచ్చో చెప్పేది. మాటను అంత జాగ్రత్తగా వాడే మనిషిని నేను తెలుగు పండితుల్లోనూ ఎక్కువగా చూడలేదు.

ఇంటికి తెచ్చిన మర్నాడే కట్టె చెడిపోయింది. ఎదురుగా ఏమీ లేకపోయినా పిడి ఆగకుండా వణికింది. అమ్మ దాన్ని మంచం మీద పడేసింది. "దీనికి నాకన్న ఎక్కువ భయమున్నది" అన్నది. ఆదివారం దాకా ఆగకుండా, బడికి సెలవు పెట్టి, అమ్మనూ కట్టెనూ బస్సెక్కించి కామారెడ్డి తీసుకుపోయాను.

మేడమ్ పెట్టెను తిప్పి చూసి నవ్వింది.

"అవ్వా, దీని కంట్ల కుంకుమ కొట్టినవ్ గదా!"

మా ఇంటికి ఏ కొత్త వస్తువు వచ్చినా, కుక్కరైనా ఫ్యానైనా, పసుపు రాసి బొట్టు పెట్టేది నా భార్య. కట్టె వచ్చిన రోజు నాకు అది తోచలేదు, అమ్మకు తోచింది. నేను బడిలో ఉండగా తడుముకుంటూ, పెట్టె మీద నున్నగా తగిలిన చోట బొట్టు పెట్టింది. అది సెన్సర్ ముందుండే ప్లాస్టిక్ అద్దం. బొట్టు నాకూ కనిపించింది. కొత్త వస్తువు మీద బొట్టు ఉండటం ఎంత మామూలంటే, తప్పు అందులో ఉందని నాకు తట్టలేదు.

"కన్నా అది? నేను నుదురనుకున్న" అన్నది అమ్మ. "నా కండ్లు పోయినయి చాలక దాని కండ్లు గూడ పోగొట్టిన్నా ఏంది!"

"పోలే అవ్వా. పంపిన వెలుతురు కుంకుమకే తగిలి ఎనుకకొస్తది. అందుకే ఎదురుంగ ఏదో ఉన్నదనుకుంటది."

తుడిస్తే సరిపోతుందని నేననుకున్నాను. ఆమె తుడిచి, మరక పూర్తిగా పోలేదని అద్దమే మార్చింది. అద్దం మారితే లెక్క మారుతుందని మళ్లీ టేపు పరిచి, అట్ట నిలబెట్టి, అన్నీ మొదటి నుంచి చేసింది. బొట్టు పెట్టొద్దని మాత్రం అనలేదు. అమ్మ వేలు పట్టుకొని పిడి పైభాగాన ఆనించి, "ఈడ పెట్టుకో" అన్నది.

"మీటరు దూరంల ఉంటె వణుకుతది అవ్వా."

"మీటరంటె నాకేమెరుక బిడ్డా? బట్టల దుకాణం పెట్టిన్నా? మూరలల్ల చెప్పు."

మేడమ్ నవ్వలేదు. అమ్మ మోచేతి నుంచి నడిమివేలి కొన దాకా టేపు పెట్టి చూసింది. నలభై రెండు సెంటీమీటర్లు.

"ఎన్ని మూరల ముందుగాల చెప్పాలె?"

"రెండు. అంతకన్న ముందు చెప్తె ఊకెనే భయపెట్టినట్టయితది."

రెండు మూరలకు పెట్టి, గదిలో కుర్చీ వైపు అమ్మను పదిసార్లు నడిపించింది. మూడుసార్లు మోకాలు కుర్చీకి తగిలింది.

"రెండు చాలదవ్వా. రెండున్నర."

"నా మూర నాకు తెల్వదా?"

"మూర తెలుసు నీకు. జోరు తెల్వదు. బస్సు అందుకోవాలన్నట్టు నడుస్తున్నవ్."

అమ్మ నవ్వి ఒప్పుకుంది. రెండున్నర మూరలకు పెట్టాక మరో పదిసార్లు నడిచింది. ఒక్కసారీ తగల్లేదు.

మర్నాడు సాయంత్రం ఐదున్నరకు అమ్మ గడప దాటింది. నేను పది అడుగులు వెనుక నడిచాను. నాలుగో ఇంటి ముందు ఒక నల్ల మోటారు సైకిల్ అడ్డంగా ఉంది. నోటిదాకా వచ్చిన మాటను ఆపుకున్నాను. అమ్మ ఆగింది. చెయ్యి చాపి, నిదానంగా ముందుకు జరిగి, హ్యాండిల్‌ను తాకింది. దాన్ని పట్టుకొనే బండి చుట్టూ తిరిగి అవతలికి పోయింది.

స్నేహితురాలు ఒళ్లో చాట పెట్టుకొని వాకిట్లో ఉంది.

"ఓహో, కలెక్టరమ్మ దిగింది! ఇన్ని దినాలు యాడ సచ్చినవే?"

"ఆడనే సచ్చిన. జరుగు, జాగియ్యి."

కూర్చున్నాక అమ్మ ముఖం నా వైపు తిప్పింది.

"నీ చెప్పుల సప్పుడు వింటనే ఉన్న. ఇగ నువ్వు పో కొడుకా."

నేను వెనక్కి తిరిగాను. ఇద్దరూ గొంతులు తగ్గించారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.