అన్నం మూట పక్కన కూర్చుని చూసిన ఊళ్ళు

నాకు ఇష్టమైన ఊళ్ళ గురించి రాయమని మా బిడ్డ అడిగింది. ఎవరు చదువుతారు అంటే, నువ్వు ముందు రాయి అంది. నేను మక్తల్ దగ్గర పల్లెలో తెలుగు బడిలో అయిదో తరగతి దాకా చదివాను. పెళ్ళయి రాయచూరుకు వచ్చాక రాసిందంటే మా దుకాణంలో డబ్బాల మీద శనగపప్పు, పెసరపప్పు అని అంటించిన కాగితాలే. అందుకే ఇది రాస్తుంటే ఎవరో వెనక నిలబడి చూస్తున్నట్టు చెయ్యి ఆగిపోతోంది.

ఊళ్ళు తిరగలేదని చెప్పను. హంపికి పోయాను, హైదరాబాదుకు పోయాను, బిజాపూరుకు మూడుసార్లు పోయాను. కానీ ఏ ఊరు తలచుకున్నా నాకు ముందు గుర్తొచ్చేది నేను కూర్చున్న చోటు.

మా అత్త బయట తిండి ముట్టదు. హోటల్ చాయ్ కూడా తాగదు. అందుకని మేము ఎక్కడికి పోయినా వంట మాతో వస్తుంది. చీకటి ఉండగానే లేచి జొన్న రొట్టెలు కాలుస్తాను. శేంగ పొడి, అంటే పల్లీల పొడి, చిత్రాన్నం, పెరుగన్నం పెద్ద స్టీలు క్యారేజీలో సర్ది, ఉతికిన తెల్ల పంచెలో మూట కడతాను. ఆ మూటకు కొన్ని పద్ధతులున్నాయి. చెప్పులు విడిచే చోట పెట్టకూడదు. బండిలో వదిలిపెట్టకూడదు, ఎవరి కాలైనా తగులుతుంది. ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి. ఆ ఎవరో ఒకరు నువ్వే అని నాతో ఎవరూ అనలేదు. మా తోటికోడలు చిన్నపిల్లల తల్లి, వాళ్ళ వెనక ఉరకాలి. మా ఇంటాయన అన్నం మూట పక్కన కూర్చుంటాడా? అత్తకు చూపు సరిగ్గా ఆనదు. ఇంకెవరు మిగిలారు?

హంపిలో నేను ఎక్కువగా చూసింది కోతులను. రాతిరథం ఉన్న గుడి బయట మూటను ఒళ్ళో పెట్టుకుని, చేతిలో కట్టె పట్టుకుని కూర్చున్నాను. వచ్చీపోయే మనుషులు కాస్త పక్కకు జరిగినప్పుడు గోపురం వాకిట్లోంచి రథం చక్రం ఒకటి కనబడేది. మళ్ళీ ఎవరో అడ్డం వచ్చేవాళ్ళు. రథం మొత్తం ఎట్లుంటుందో మా బిడ్డ ఫోనులో చూశాను. ఫోటోలో మావాళ్ళందరూ దాని ముందు వరసగా నిలబడ్డారు. బాగుంది. అయినా నాకు ఆ ఒక్క చక్రమే ఇష్టం. అది నేను చూసింది.

హైదరాబాదుకు మా ఇంటాయన దుకాణం సరుకు కోసం పోతూ మమ్మల్నీ తీసుకుపోయాడు. చార్మినార్ కింద బండ్ల మధ్య మూటతో, సరుకు సంచులతో నిలబడ్డాను. తల పూర్తిగా ఎత్తితే మెడ నొప్పి, దించితే సంచుల మీద భయం. అంతకంటే దాని గురించి చెప్పలేను.

అన్నిట్లోకీ నాకు ఇష్టమైనది బిజాపూరు గోల్ గుమ్మటం. మొదటిసారి పోయినప్పుడు మా బిడ్డ చిన్నది. గుమ్మటం ముందు తోటలో, గడ్డి మీద దుప్పటి పరిచాము. నేను మూట పట్టుకుని అందరితో పాటు లేచాను. అత్త నా కొంగు పట్టుకుని ఆపింది.

"గోరీ లోపలికి అన్నం తీస్కపోతరా ఎవరన్నా? మైలైతది. ఈడనే కూసో పిల్లా, నాకూ తోడుంటవు."

అది రాజుల సమాధి. నిజమే, మా ఇంట్లో సావు ఇంటికి పోయొస్తే స్నానం చేయందే పొయ్యి ముట్టరు. నేను కూర్చున్నాను. గంట గడిచాక మావాళ్ళు వచ్చి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, నెత్తి మీద నీళ్ళు చల్లుకుని అన్నానికి కూర్చున్నారు. మా బిడ్డ మాత్రం తినకుండా ఒకటే చెప్పింది. పైన గుమ్మటం చుట్టూ నడిచే దారి ఉందట. అక్కడ నిలబడి ఒకసారి పిలిస్తే పిలుపు మళ్ళీ మళ్ళీ వస్తుందట.

"నిన్ను పిలిచిన అమ్మా. శానా సార్లు పిలిచింది గుమ్మటం. నువ్వు పలకలే."

నాకు ఏమీ వినబడలేదని చెప్పాను. ఆ గోడల మందం ఎంతో, బయటికి గాలి కూడా రాదు. అప్పటినుంచి నాకు ఒకటే కోరిక పట్టుకుంది. ఒకసారి లోపలికి పోయి ఆ పిలుపు వినాలి. పైకెక్కి నేనూ పలకాలి.

రెండోసారి చుట్టాలు వస్తే వాళ్ళకు చూపించడానికి పోయాము. అప్పుడూ గడ్డి, దుప్పటి, మూట. గుమ్మటం బయటి గోడను నేను చూసినంతసేపు ఎవరూ చూసి ఉండరు. మూలల్లో బురుజులు, వాటికి చిన్న చిన్న కిటికీలు. వాటిలోంచి మెట్లెక్కే వాళ్ళ చీరల రంగులు ఒక అంతస్తులో కనబడి, మాయమై, మళ్ళీ పై అంతస్తులో కనబడేవి. మా బిడ్డ పచ్చ లంగా కోసం చూస్తూ కూర్చునేదాన్ని. కట్టేసిన బర్రె కూడా తాడు ఉన్నంత దూరం తిరుగుతుంది. నేను మూటకు చెయ్యి ఆనించి కూర్చునేదాన్ని.

పోయిన చలికాలం మళ్ళీ బిజాపూరు అనుకున్నప్పుడు నేను ఒక ఆలోచన చేశాను. మైలయ్యేది అన్నం. అన్నమే లేకపోతే? పొద్దున రొట్టెలు తక్కువ కాల్చాను. చిత్రాన్నం అందరూ ఇష్టంగా తినేటట్టు శేంగలు ఎక్కువ వేశాను. లింగసుగూరు దాటినప్పటినుంచి బండిలో నాకు అదే ధ్యాస. తోటలో దుప్పటి పరచగానే, ముందు తిని పోదాం అన్నాను.

"పొద్దెక్కకముందే ఆకలైందా నీకు?" అన్నాడు మా ఇంటాయన.

"ముందే తింటే కాళ్ళు కడిగే పని ఉండదు. నీళ్ళు మిగుల్తయి" అన్నాను.

నీళ్ళ మాట అనేసరికి అత్త సరే అంది. అందరూ తిన్నారు. వద్దన్న వాళ్ళకు కూడా వడ్డించాను. క్యారేజీ అడుగున ఒక్క మెతుకు మిగలకుండా పెరుగన్నం నేనే తినేశాను. తర్వాత మావాళ్ళు లేచి పోయారు. నేను గిన్నెలు తొలిచి, క్యారేజీ బిగించి, పంచెలో మూట కట్టి, పక్కన కూర్చున్నాను.

ఇది ఎందుకు చేశానో ఇప్పటికీ చెప్పలేను. అన్నీ అనుకున్నట్టే జరిగాయి. నేను మాత్రం కూర్చున్నాను. ఎవరైనా రమ్మంటారని చూశానేమో. ఎవరూ వెనక్కి తిరగలేదు. వాళ్ళకు నేను అక్కడ ఉండేదాన్నే కదా. బురుజు కిటికీల్లో రంగులు కదలడం మొదలైంది.

అత్త నడుము వాల్చబోతూ మూటను తన పక్కకు లాక్కుంది. అది తేలిగ్గా వచ్చేసింది. ఆమె చేత్తో ఊపి చూసింది.

"దీంట్ల ఏముంది?"

"ఏం లేదత్తా. అయిపోయింది."

"మరెందుకు కూసున్నవ్?"

నేను బురుజు కిటికీల వైపు చూశాను. ఆమె చాలాసేపు నా వైపే చూసింది. ఆ చూపుకు నేను ఎంత కనబడ్డానో తెలియదు.

"పో, సూసిరా. గిన్నెలు దొంగోడు ఎత్కపోతే వాడే తోముకుంటడు" అని మూట తల కింద పెట్టుకుంది.

నేను ఉరికాను. లోపల చల్లగా, మసకగా ఉంది. మధ్యలో అరుగు మీద సమాధులు. తలెత్తితే ఆకాశానికి బదులు ఇంకో ఆకాశం కట్టినట్టుంది. పైన చుట్టూ సన్నగా మనుషుల తలలు, ఆవగింజలంత. చప్పట్లు, నవ్వులు, ఈలలు ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతున్నాయి. ఆ గోలలో "అమ్మా" అని వినబడింది. మా బిడ్డ గొంతు. ఇప్పుడు పెద్ద చదువు చదువుతోంది, అయినా అక్కడికి పోతే పిలవడం మానలేదు. నేను కింద ఉన్నానని దానికి తెలియదు. బయట గడ్డి మీద ఉన్నాననుకునే పిలిచింది. ఆ పిలుపు తిరిగి వచ్చింది, మళ్ళీ వచ్చింది, సన్నబడుతూ చాలాసేపు వచ్చింది.

పలకాలని నోరు తెరిచాను. చుట్టూ అంతమంది. గొంతు రాలేదు.

మెట్ల దారి మూలలో ఉంది. అక్కడికి పోయి మొదటి మెట్టు మీద కాలు పెట్టాను. పై నుంచి దిగేవాళ్ళకు, ఎక్కేవాళ్ళకు ఒకటే ఇరుకు దారి. గోడకు ఒత్తుకుని నిలబడ్డాను. దిగుతున్న వాళ్ళలో మా ఇంటాయన, తోటికోడలు, పిల్లలు కనబడ్డారు. చూడడం అయిపోయిందని, డ్రైవరు ఫోను చేస్తున్నాడని, అత్త ఒంటరిగా ఉందా అని ఆయన కంగారు పడ్డాడు. నేను తిరిగి వాళ్ళ ముందు నడిచాను. మా బిడ్డ వెనక నుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఇన్నవా?" అంది.

"ఇన్న" అన్నాను.

తిరుగు దారిలో కవితాళ ఊరి దగ్గర మావాళ్ళు చాయ్ కోసం దిగారు. బండిలో అత్తా, నేనూ మిగిలాము. లోపల ఏముందని ఆమె అడిగింది. చెప్పాను. పిలుపు సంగతి రెండుసార్లు చెప్పించుకుంది. తన అత్త కాలంలో మంత్రాలయంలో, శ్రీశైలంలో తాను కూడా మూట పక్కనే కూర్చున్నానని మెల్లగా చెప్పింది. ఈసారి ఇంట్లోనే తిని పోదాం అంది. బిజాపూరు అంత దూరం ఏమీ తినకుండా పోయి రాలేమని ఇద్దరికీ తెలుసు.

మళ్ళీ ఎవరూ ప్రయాణం మాట ఎత్తలేదు. మా మిద్దె మీద బట్టలు ఆరేస్తుంటే రాయచూరు కోట గుట్ట ఎదురుగా కనబడుతుంది. దానికి అన్నం మూట అక్కర్లేదు. తిని పోయి, మళ్ళీ తినే వేళకు రావచ్చు. పెళ్ళయి వచ్చినప్పటినుంచి దాన్ని చూస్తూనే ఉన్నాను, ఎక్కలేదు. గుట్ట వైపు చూస్తుండగానే కింద దుకాణంలోంచి మా బిడ్డ "అమ్మా" అంటుంది. ఇక్కడ ఒక్కసారే వినబడుతుంది. నేను వెంటనే "ఆ, వస్తున్నా" అంటాను. ఇంట్లో నాకు గొంతు బాగానే వస్తుంది. ఆ మాట ఒక్కసారి గుమ్మటం పైకెక్కి అనాలి.