మావయ్యగారు సరిచూసిన బొమ్మలు

పెళ్ళయి ఈ ఇంటికి వచ్చాక మొదటి ఏడేళ్ళలో మావయ్యగారితో నేను మాట్లాడిన మాటలన్నీ రాస్తే ఒక పేజీ నిండదు. కోపాలూ పట్టింపులూ ఏమీ లేవు. ఆయనది మాట తక్కువ, నాకేమో ఆయనంటే బెరుకు. హాల్లోకి వచ్చే ముందు ఆయన చిన్నగా దగ్గుతారు. నేను కుర్చీలోంచి లేస్తాను. "కూకోమ్మా" అంటారు. ఆ రోజుకి అంతే.

మా ఆయన పరవాడ వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో షిఫ్టులకి వెళ్తారు. నేను అనకాపల్లిలోనే ఒక ప్రైవేటు స్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మా పరీక్ష పేపర్లలో బొమ్మలు చాలా అన్యాయంగా ఉండేవి. డీటీపీ సెంటర్లో ఇంటర్నెట్టు నుంచి ఒక చిన్న బొమ్మ దింపి, దాన్ని సాగదీసి వేసేవారు. అది గళ్ళు గళ్ళుగా పగిలిపోయేది, జిరాక్సు తీసేసరికి నల్లటి మరకయ్యేది. ఒకసారి గుండె బొమ్మలో భాగాలు గుర్తించమంటే, ఒకమ్మాయి ఇంకు మరకకి బాణం గీసి 'కవాటం' అని రాసింది. తప్పని కొట్టెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. స్టాఫ్ మీటింగులో ఆ సంగతి చెప్పి, బొమ్మలు మనమే గీసుకుంటే బాగుంటుందన్నాను.

"అయితే మీరే గియ్యండి మేడమ్. వచ్చే ఏడాది వర్క్‌బుక్కు మనమే వేద్దాం" అన్నారు హెడ్మిస్ట్రెస్.

పెన్సిలుతో నేను బాగానే గీస్తాను. కానీ డీటీపీ సెంటర్ ఆయన నా పెన్సిలు బొమ్మ చూసి తల అడ్డంగా ఊపాడు. "స్కాన్ సేసి పెద్దది సేత్తే ఇదీ అలాగే పగిలిపోద్ది మేడమ్. వెక్టర్‌లో గీసి తెండి. గోడంత సేసినా గీత సెదరదు" అన్నాడు. డబ్బు కట్టక్కర్లేని సాఫ్ట్‌వేర్ ఒకటి ఉందనీ, వీడియోలు చూసి నేర్చుకోవచ్చనీ కూడా చెప్పాడు.

అలా మా ఆయన పాత లాప్‌టాప్ హాల్లో కిటికీ పక్కన టేబుల్ మీదికి వచ్చింది. స్కూలు నుంచి వచ్చి టీ తాగి దాని ముందు కూర్చునేదాన్ని. పెన్ టూల్ అని ఒకటుంటుంది. నొక్కితే చుక్క పడుతుంది, ఇంకోచోట నొక్కితే రెండు చుక్కల మధ్య గీత వస్తుంది. నొక్కి లాగితే ఆ చుక్కకి అటూ ఇటూ మీసాల్లా రెండు పిడులు మొలుస్తాయి. వాటిని తిప్పితే గీత వంగుతుంది. వీడియోలో అమ్మాయి చేస్తుంటే వెన్నలా ఉండేది. నేను ఒకవైపు సరిచేస్తే రెండోవైపు ఎగిరిపోయేది. మూడు సాయంత్రాలు కుస్తీ పడితే నా గుండె బొమ్మ ముడతలు పడిన వంకాయలా తయారైంది.

ఆ మూడు సాయంత్రాలూ మావయ్యగారు సోఫాలో పేపరు చదువుతూనే ఉన్నారు. నాలుగో రోజు వెనక నుంచి దగ్గు వినిపించింది. నేను లేచాను. ఆయన కూకోమనలేదు.

"ఏటమ్మా అది?"

"గుండె, మావయ్యగారూ."

కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. "ఎన్ని చుక్కలు పెట్టేవు?"

లెక్కపెడితే నలభై మూడు ఉన్నాయి.

"అన్ని అక్కర్లేదు" అని తన గదిలోకి వెళ్ళి అటక మీంచి ఒక రేకు డబ్బా దింపి తెచ్చారు. దాన్నిండా పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ వంపు స్కేళ్ళు, మామిడిపిందెల్లా, మెలిపడిన ఆకుల్లా. ఫ్రెంచ్ కర్వ్స్ అంటారట. ఆయన విశాఖపట్నంలో ఒక ఫ్యాక్టరీలో డ్రాయింగ్ ఆఫీసులో చేసి రిటైరయ్యారని నాకు తెలుసు. అక్కడ ఏం చేసేవారని మాత్రం ఎప్పుడూ అడగలేదు.

ఒక స్కేలుని స్క్రీను మీద నా వంకాయకి ఆనించి చూపించారు. "గీత మలుపు తిరిగేకాడ ఒక చుక్క, మొన తేలేకాడ ఒక చుక్క. మజ్జిలో పెట్టకు. మజ్జిలో గీతకి దాని దారి దానికి తెలుత్తాది."

మొత్తం చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టాను. పదమూడు చుక్కలతో బొమ్మ పూర్తయింది. గొప్పగా లేదు గానీ అది గుండే, సందేహం లేదు. నేను తల తిప్పేసరికి మావయ్యగారు కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చుని ఉన్నారు.

వంటింటి గుమ్మంలోకి అత్తయ్యగారు వచ్చారు. "ఏటి, ఇద్దరూ కలిసి ఆ పెట్టిలో ఏటి సూత్తన్నారు?"

"గుండె" అన్నారు మావయ్యగారు.

"ఎవలిది?"

"తొమ్మిదో తరగతోళ్ళది."

ఆవిడ మమ్మల్ని మార్చి మార్చి చూసి లోపలికి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత నేర్చుకోవడం ఇద్దరిదీ అయింది. లేయర్ల గురించి వీడియోలో పావుగంట చెప్పారు, నాకు బుర్రకెక్కలేదు. ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు. "ట్రేసింగ్ పేపర్లమ్మా. ఒకదాని మీద ఒకటి. కింద కాయితం మీద గోడలు, పైదాని మీద కరెంటు లైన్లు." నేను వెంటనే రక్తనాళాలు ఒక లేయర్లో, పేర్లు ఒక లేయర్లో పెట్టాను. గీసినదాన్ని కంట్రోల్ జడ్ నొక్కి వెనక్కి తీసుకోవడం మాత్రం ఆయన్ని చాలా ఆశ్చర్యపరిచింది. వాళ్ళ ఆఫీసులో తప్పు గీత పడితే బ్లేడుతో గీకాలట, కాగితం చిరిగితే రెండ్రోజుల పని పోయినట్టేనట.

అన్నీ చెప్పేవారు గానీ, మౌస్ మాత్రం ముట్టుకునేవారు కాదు. "మీరు గీసి చూడండి" అని రెండుసార్లు అన్నాను. "నువ్వు గియ్యమ్మా" అని చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

ఒకరోజు టీ పోస్తూ అత్తయ్యగారు నెమ్మదిగా చెప్పారు. "ఆయనకి సెయ్యి ఒణుకుతాదే. రిటైరయ్యేక పక్కింటోళ్ళు ప్లాను గియ్యమన్నారు. గీత తిన్నగా రాలేదు. ఆ డబ్బా మూసీసి అటకెక్కించేడు. ఇన్నాళ్ళకి నీకోసవే దింపేడు." ఆవిడ పోస్తున్న గ్లాసు చూశాను. సగమే పోశారు. ఏడేళ్ళుగా ఆయనకి సగం గ్లాసు టీయే ఇస్తున్నాను. అది ఆయన అలవాటనుకున్నాను. తొణక్కుండా ఉండడానికని నాకు తట్టనే లేదు. ఆ సాయంత్రం ఆయన ముఖం చూడడానికి సిగ్గేసింది.

చుక్కని ఎంచుకుని కీబోర్డు మీద బాణం గుర్తులు నొక్కితే అది వెంట్రుకవాసి చొప్పున జరుగుతుందని తర్వాత ఒక వీడియోలో చూశాను. మర్నాడు మందార పువ్వు నిలువుకోత గీస్తున్నాను. చేతి సంగతి ఎత్తలేదు. "మావయ్యగారూ, నేను కూర కలిపి వస్తాను. ఈలోపు ఈ రేకల చుక్కలు కాస్త సర్దుతారా? మౌస్ అక్కర్లేదు, ఈ బాణాలు నొక్కితే చాలు" అని చెప్పి లేచి వచ్చేశాను.

వంటింట్లో గరిటె పట్టుకుని వింటూ నిలబడ్డాను. చాలాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత టక్కు మని ఒక చప్పుడు. కాస్త ఆగి మూడు. ఇక ఆపకుండా. నేను తిరిగి వచ్చేసరికి ఎడమ రేక, కుడి రేక అద్దంలో చూసుకున్నట్టు ఉన్నాయి. ఆయన స్క్రీను మీంచి కళ్ళు తిప్పకుండా, "ఇంకా అర మిల్లీమీటరు తేడా ఉంది" అన్నారు.

అక్కణ్ణుంచి పని పంచుకున్నాం. చుక్కలు పెట్టేది నేను, వాటిని దారిలో పెట్టేది ఆయన. పుస్తకంలో బొమ్మ చూసి గియ్యడం ఆయనకి నచ్చలేదు. పెరట్లోంచి మందారాలు కోయించి బ్లేడుతో నిలువునా చీల్చి చూశాం. "పూజకని ఉంచిన పూలు కోసీసేరా" అని అత్తయ్యగారు ఆ పూట నాతో కూడా మాట్లాడలేదు.

ఎనిమిది బొమ్మలు పూర్తయ్యాక ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని డీటీపీ సెంటర్‌కి పట్టుకెళ్ళాను. వాళ్ళ కంప్యూటర్లో తెరిచి చూశాం. బొమ్మలు చక్కగా ఉన్నాయి. తెలుగు పేర్లన్నీ చెదిరిపోయాయి. ఒత్తులు అక్షరాల పక్కకి వచ్చి కూర్చున్నాయి, కొన్నిచోట్ల ఉత్త డబ్బాలే ఉన్నాయి. 'పుష్పాసనం' ఎవరూ చదవలేరు. మా ఇంట్లో ఉన్న ఫాంటు వాళ్ళ దగ్గర లేదట. మర్నాడే స్కూల్లో ఇవ్వాలి. ఆటోలో ఇంటికి వచ్చి నేరుగా లాప్‌టాప్ ముందు కూలబడ్డాను.

"బొమ్మలు పాడయ్యేయా?" అన్నారు మావయ్యగారు.

"బొమ్మలు బాగానే ఉన్నాయి. మాటలే పోయాయి."

"అయితే మాటల్ని కూడా బొమ్మలు చేసీ. మా ఆఫీసులో అచ్చరాలు రాసీవోళ్ళం కాదు, స్టెన్సిల్ పెట్టి గీసీవోళ్ళం."

వెతికితే సాఫ్ట్‌వేర్‌లో సరిగ్గా అలాంటి ఆప్షనే ఉంది. అక్షరాన్ని గీతగా మార్చేస్తుంది. ఒకసారి మార్చాక ఏ కంప్యూటర్లోనైనా చెదరదు, కానీ తప్పుంటే దిద్దడానికీ వీలుండదు. అందుకని మార్చేముందు ఆయన ఒక్కో పేరూ పైకి చదివారు, నేను వేలు పెట్టి చూసుకున్నాను. 'జఠరిక'లో నేను ఠకి బదులు ట కొట్టానని ఆయనే పట్టుకున్నారు. జీవశాస్త్రం టీచర్ని, తల వంచుకుని దిద్దాను.

అంతా అయ్యాక, "కుడిపక్క కింద మూలన గడి గియ్యి" అన్నారు. ప్రతి డ్రాయింగుకీ అది ఉండాలట. గీసినవారు, సరిచూసినవారు, తేదీ. మొదటి గడిలో నా పేరు పొడి అక్షరాలు కొట్టాను. రెండో గడి దగ్గర ఆగి, "మీ పొడి అక్షరాలు చెప్పండి మావయ్యగారూ" అన్నాను.

"ముప్పై నాలుగేళ్ళు మొదటి గడిలోనే ఉన్నానమ్మా" అన్నారు. "రెండోదాన్లో ఎప్పుడూ పై ఆఫీసరే."

ఆయన పూర్తి పేరు గుర్తు చేసుకుని పొడి అక్షరాలు నేనే కొట్టేశాను. ఆయన ముందుకి వంగి చూశారు. "గడి మజ్జికి లేదు. కొంచెం ఎడమకి" అన్నారు. బాణం ఆయనే నొక్కారు.

హెడ్మిస్ట్రెస్‌కి బొమ్మలు చాలా నచ్చాయి. గడులు మాత్రం తీసేయమన్నారు. పిల్లలు వాటిలో కూడా ఏదో రాయాలనుకుంటారట. వాదించలేకపోయాను. ఇంటికొచ్చి ఎలా చెప్పాలా అని ఇడ్లీలు తినేదాకా నానబెట్టి, చివరికి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"తీసీమను. పిల్లల పుస్తకంలో అదెందుకు?" అన్నారాయన తేలిగ్గా. "మన కాపీలో ఉంటే చాల్దా?"

మన కాపీ పెద్ద సైజు కాగితాల మీద తీయించాను. గడి పైకి కనిపించేలా డ్రాయింగుని ఎలా మడవాలో ఆయన నేర్పారు. అవి ఇప్పుడు బీరువాలో ఇంటి కాగితాల పక్కన ఉన్నాయి.

వర్క్‌బుక్కు అచ్చయి రెండు నెలలైంది. ఇంకు మరకల్లో కవాటాలు ఎవరూ వెతుక్కోవడం లేదు. పదో తరగతి కోసం ఇప్పుడు మూత్రపిండం గీస్తున్నాం. వడగట్టిన నీరు మళ్ళీ ఒంట్లోకి ఎందుకు వెళ్తుందో తెలియకుండా ఆ గొట్టం గియ్యనన్నారు మావయ్యగారు. కిందటి ఆదివారం ఆయనకి అరగంట పాఠం చెప్పాను. క్లాసులో ఒక్కరు కూడా అన్ని ప్రశ్నలు వెయ్యరు.

అత్తయ్యగారు వంటింట్లోంచి అంతా విన్నారు. చేతులు తుడుచుకుని ఒక కుర్చీ ఈడ్చుకొచ్చి మా ఇద్దరి మధ్యలో వేసుకున్నారు.

"కిడ్నీ తరవాత సూద్దురు గానీ, ముందు మోకాలు గియ్యండి. లోపల ఏటరిగిందో డాక్టరు సెప్పేడు గానీ నాకేటీ తెలీలేదు" అన్నారు.

మావయ్యగారు కళ్ళజోడు సర్దుకున్నారు. నేను కొత్త పేజీ తెరిచాను.